దిమ్మ పళ్ళు తీసిన రోజు

దిమ్మ చొక్కా జేబులో ఒక సబ్బుపెట్టె ఉండేది. నీలం రంగుది, మూత నిండా గీతలు. పొద్దున ఎనిమిదింటికి అతను ఆసుపత్రి ముందు తలుపు దగ్గరికి వచ్చి నిలబడేటప్పటికి అది ఖాళీగా ఉండేది. ఏ పూటైనా పెద్ద సిస్టరు లోపలి నుంచి వచ్చి అతని చెవిలో రెండు మాటలు చెబితే, తల ఊపి, పై దవడకున్న కట్టుడుపళ్ళ పలక తీసి, కుళాయి కింద కడిగి, ఆ పెట్టెలో పెట్టి, చీటీలు రాసే ఆవిడకు కిటికీలోంచి అందించేవాడు. వెంటనే మందుల గది షట్టరు సగానికి దిగేది. చిన్న డాక్టరు వెనక తలుపు గడియ తీసేవాడు. దిమ్మ ముందు తలుపు తెరుచుకుని బయటికి వెళ్ళి, పోయినవాళ్ళ మనుషులకు, పోయారని చెప్పేవాడు.

తర్వాత దెబ్బలు తినేవాడు.

రికార్డుల్లో అతని పని స్ట్రెచర్ తోయడం. ఈ రెండో పని ఏ కాగితం మీదా లేదు. అయినా కొత్తగా వచ్చిన డాక్టర్లకు మొదటిరోజే చెప్పేవారు: మరుగుదొడ్లు అటు, రక్తం గది ఇటు, చావు కబురు దిమ్మ.

"నీ పేరు అదేనా?" అని అడిగేవారు కొత్తవాళ్ళు.

"పేరు వేరే ఉంది సార్. కొట్టేటప్పుడు ఎవరూ అడగరని వాడటం మానేశాను."

పద్నాలుగేళ్ళలో అతన్ని చెప్పులతో కొట్టారు, గొడుగులతో కొట్టారు, సెలైన్ స్టాండు పీకి కొట్టారు. ఒక ముసలాయన భార్యకని తెచ్చిన స్టీలు క్యారియరుతో నెత్తి మీద మోదాడు. మూత ఊడి తిండంతా దిమ్మ భుజాల మీదుగా కారింది. ముసలాయన కాసేపు అలాగే చూసి, పైకండువాతో అతని చెవులు తుడిచి, మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు ఖాళీ క్యారియరుతో ఇంకొకటి వేశాడు. మేనమామలు గట్టిగా కొడతారని, తండ్రులు కొట్టరని, కొట్టలేక గోడకు తల బాదుకుంటారని, అప్పుడు గోడకూ వాళ్ళకూ మధ్య తన అరచెయ్యి పెట్టాలని దిమ్మకు తెలుసు. అతని కుడి అరచేతి వెనక చర్మం ఎప్పుడూ చెక్కుకుపోయే ఉండేది. అది దెబ్బ కాదు, తండ్రుల నుదుళ్ళ కింద నలిగిన గుర్తు.

ఈ పనికి అతను కొన్ని పద్ధతులు పెట్టుకున్నాడు. గడ్డం ఛాతీకి ఆనించాలి. వీపు గోడకు ఆనకూడదు, ఆనితే తల వెనక్కి కొట్టుకుంటుంది. తలుపుకు పక్కగా కాదు, అడ్డంగా నిలబడాలి. పక్కగా ఉంటే జనం లోపలికి పోతారు. చేతులు కట్టుకోవాలి. ఎత్తితే తిరగబడుతున్నాడనుకుని ఊరికే చూస్తున్నవాళ్ళు కూడా చెయ్యి కలుపుతారు. ఏమైనా సరే కింద పడకూడదు. నిలబడినంతసేపూ చేతులతోనే కొడతారు. పడితే కాళ్ళు మొదలవుతాయి.

అతని భార్య ఆసుపత్రిలోనే బట్టలుతికే గదిలో పనిచేసేది. రక్తపు మరకను వేణ్ణీళ్ళలో వేస్తే జన్మలో పోదని, చన్నీళ్ళలో నానబెట్టి ఉప్పు రాయాలని ఆమెకు పెళ్ళికి ముందే తెలుసు. సాయంత్రం అతని చొక్కా అందుకుంటూ అడిగేది:

"ఏమయ్యా, ఇవాళ్టి రక్తం నీదా, వాళ్ళదా?"

"నాదే."

"అయితే నువ్వే ఉతుక్కో. ప్రభుత్వం వారి రక్తానికే నాకు జీతం."

అని, తనే ఉతికేది.

అతనికి ఈ నిలబడటం ఎలా వచ్చిందో ఆమెకు ఒక్కదానికే తెలుసు. ఇరవై రెండేళ్ళ వయసులో దిమ్మ కలప డిపోలో దుంగలు మోసేవాడు. మోసేవాళ్ళు రెండు జట్లు. లారీ ముందుగా వచ్చిన జట్టుదా, ముందు అరిచిన జట్టుదా అని రోజూ తగువు. దుంగల్ని లాగే ఇనుప కొక్కేలే ఆ తగువులో మాటలు. ఒక మధ్యాహ్నం రంపపు పొట్టు మంచులా ఎగురుతుండగా ఒకడు కొక్కెంతో దిమ్మ భుజం చీల్చాడు. దిమ్మ వాణ్ణి నడుం దగ్గర పట్టుకుని ఎత్తి, దుంగల మీద పడేశాడు. పచ్చి కొమ్మ విరిగిన చప్పుడైంది. అక్కడ కొమ్మలేవీ లేవు.

వాణ్ణి ఈ ఆసుపత్రికే తెచ్చారు. లోపల ఏం విరిగిందో, ఎక్కడ రక్తం కారుతోందో చూపించే యంత్రం ఇక్కడ లేదు. రాజధానిలో ఉంది. తొమ్మిది గంటల దారి. లారీలో రంపపు పొట్టు మీద పడుకోబెట్టి తీసుకెళ్తుంటే ఆరో గంటలో వాడు పోయాడు. రాజధానిలో మేడ మీంచి పడి అదే చోట విరిగినవాళ్ళు పదిరోజుల తర్వాత నడిచి ఇంటికి వెళ్ళారని దిమ్మ చాలా ఏళ్ళకు విన్నాడు. వెన్ను ఒకటే. విరగడమూ ఒకటే. పడిన చోటే వేరు.

శవంతో లారీ ఈ ఆసుపత్రికే తిరిగి వచ్చింది. ముందు తలుపు దగ్గర వాడి తల్లి కూర్చుని ఉంది. అందరూ పారిపోయారు. దిమ్మ వెళ్ళి, "నీ కొడుకు పోయాడమ్మా. నేనే చంపాను," అన్నాడు. ఆమె లేచి కొట్టింది. అలిసిపోయి కూర్చుని, నీళ్ళు తాగి, మళ్ళీ లేచి కొట్టింది. దిమ్మ కదల్లేదు. ఆ రోజు నుంచి ఎవరి మీదా చెయ్యెత్తలేదు. జైలు అయ్యాక ఎక్కడికి పోవాలో తెలియక ఆ తలుపు దగ్గరికే వచ్చాడు. అప్పటి సూపరింటెండెంటు ఆ తల్లి కొట్టడం కిటికీలోంచి చూసినవాడే. స్ట్రెచర్ తోసే పని ఇచ్చాడు.

ఆసుపత్రిలో ఒక గది ఉండేది. దాని మీద 'శ్వాస విభాగం' అని బోర్డు. లోపల మంచం, మూడు ప్లగ్గులు, గోడకు ఆక్సిజన్ గొట్టం, కిటికీకి లేత ఆకుపచ్చ పరదా. ఉండాల్సిన వెంటిలేటరు ఒక్కటే లేదు. దాని బదులు గాలిసంచి ఉంది. రబ్బరుది, చిన్న సొరకాయంత. రోగి గొంతులోకి గొట్టం దింపి, దాని చివర సంచి బిగించి, చేత్తో నొక్కాలి. నొక్కితే ఊపిరి లోపలికి పోతుంది, వదిలితే బయటికి వస్తుంది. నిమిషానికి పదిహేను సార్లు. నొక్కేది రోగి బంధువులే.

పెద్ద సిస్టరు ఆరు నెలల శిక్షణకు రాజధాని వెళ్ళి వచ్చింది. అక్కడి పెద్దాసుపత్రిలో ఒకే హాల్లో అరవై వెంటిలేటర్లు రెండు వరసలుగా ఊపిరి తీస్తుంటాయట. పాడైనదాన్ని బాగుచేయరట, పక్కకు తోసి కొత్తది విప్పుతారట.

"అట్టపెట్టెల్లో ఇంకా ఉన్నాయి దిమ్మా, మెట్ల కింద," అంది ఆమె వచ్చిన రోజు. "వాటి మీద కూర్చుని మేం టీ తాగేవాళ్ళం."

దిమ్మ ఆ మాటను చాలా రోజులు నమిలాడు. అప్పటికి అతని పళ్ళు అతనివే.

ఆ పళ్ళు పోయింది రెండేళ్ళ కిందట. రాళ్ళగనిలో పనిచేసే ఒకతను తండ్రిని తెచ్చాడు. పురుగుమందు కొట్టి పొలంలో పడిపోయిన మనిషి. గాలిసంచి కొడుకు చేతికిచ్చారు. సమ్మెటతో బండలు పగలగొట్టే చేతులు కదా, పంతొమ్మిది గంటలు నొక్కాడు. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఇరవయ్యో గంటలో వేళ్ళు కొంకర్లు పోయి తెరుచుకోలేదు. సిస్టరును కేకేశాడు. సిస్టరు వచ్చేసరికి అయిపోయింది. అతన్ని బయటికి పంపించి, కాసేపాగి, దిమ్మ వెళ్ళి చెప్పాడు. అది అతనికి తెలిసిన వార్తే. ఆ కొంకర్లు పోయిన చేత్తోనే, వేళ్ళు విప్పకుండా, దిమ్మ మూతి మీద ఒక్కటే గుద్దాడు. మరో దెబ్బ వెయ్యలేదు. పై పళ్ళు నాలుగు నేల మీద పడ్డాయి. మిగిలినవి కదిలిపోతే దంతాల డాక్టరు పీకేశాడు. సబ్బుపెట్టె అప్పటి నుంచి.

ఇక వ్యాను సంగతి ఒకటుంది. ఏడాదికోసారి రాజధాని నుంచి తనిఖీకి వచ్చేవారు. ప్రతి జిల్లా ఆసుపత్రిలోనూ వెంటిలేటరు ఉన్నట్టు పుస్తకాల్లో ఉంది కాబట్టి, ఉండాలి. అందుకని తనిఖీకి రెండు గంటల ముందు ఒక మూసిన వ్యాను వచ్చేది. ప్లాస్టిక్ కవరు విప్పని వెంటిలేటరును దింపి ఆ గదిలో పెట్టేవారు. అధికారులు చూసి, టిక్కు పెట్టి, భోజనానికి వెళ్ళేవారు. వాళ్ళు తింటుండగా వ్యాను దాన్ని ఎక్కించుకుని తరవాతి జిల్లాకు పరుగెత్తేది. ఆరు జిల్లాలకు అది ఒక్కటే. దాని కవరు మీద, ఎడమ పక్కన, వ్యాను తలుపు గొళ్ళెం గీసిన పొడుగాటి గీత. నంబరు స్టిక్కరు జిల్లాకొకటి, దాని మీదే ఇంకొకటి అంటించీ అంటించీ అట్టంత మందమైంది. వ్యానుతో వచ్చే మనిషిని అందరూ గడియారం అనేవారు. మాట్లాడుతున్నంతసేపూ మణికట్టు చూసుకునేవాడు. పేరు పెట్టినందుకు అతనేం అనుకోలేదు. తన పేరు కూడా వ్యానులో ఎక్కడో జారిపోయిందనేవాడు.

ఆ ఏడాది తనిఖీ రోజు పొద్దున ఏడింటికి ఒక ట్రాక్టరు వచ్చింది. తొట్టిలో చాప మీద పాతికేళ్ళ ఆడమనిషి. రాళ్ళగని దగ్గర రేకుల షెడ్డులో నేల మీద పడుకుంటే పాము కరిచింది. రెప్పలు వాలిపోయాయి. నోట్లో ఉమ్మి మింగలేకపోతోంది. ఆమెను ఎత్తుకుని దిగినవాడు రెండేళ్ళ కిందటి ఆ కొడుకే. ఈమె చెల్లెలు.

చిన్న డాక్టరు గొంతులోకి గొట్టం దింపి, చెమట తుడుచుకుని చెప్పాడు: "విషానికి మందు ఎక్కించాను. కానీ కండరాలు మేలుకునేదాకా ఊపిరి తనంతట తీసుకోలేదు. రెండు రోజులు పట్టొచ్చు, మూడు పట్టొచ్చు. అంతవరకూ ఎవరైనా ఆమెకు ఊపిరి పెడుతుంటే చాలు, లేచి నడిచి ఇంటికి వెళ్తుంది. ఆపితే మాత్రం…"

"తెలుసు," అన్నాడు అన్న. సంచి వంక చూశాడు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. "నేను ముట్టను సార్. నా చేతులు మంచివి కావు."

స్ట్రెచర్ తోసుకొచ్చిన దిమ్మ అతన్ని చూశాడు. అతనూ దిమ్మను చూశాడు. చూపు మూతి దగ్గర ఆగింది.

"కట్టుడువి," అన్నాడు దిమ్మ. "నువ్వు రాలగొట్టినవాటి కంటే వరసగా ఉన్నాయి. జరుగు తమ్ముడూ, నేను నొక్కుతాను."

తొమ్మిదింటి దాకా దిమ్మ నొక్కాడు. కలప మోసిన చేతుల్లో ఆ సంచి పిట్టలా కొట్టుకుంది. ఒకళ్ళ ఛాతీ తన గుప్పిట్లో ఎత్తుగా, పల్లంగా కదలడం అతనికి కొత్త. చావును మోసుకుంటూ బయటికి నడిచిన మనిషి, మొదటిసారి గదిలోనే కూర్చుని దాన్ని రానివ్వకుండా పట్టుకున్నాడు. ముంజేతుల నరాలు మండాయి. లెక్క తప్పినప్పుడల్లా అన్న పక్కనుంచి "నొక్కు" అనేవాడు, ఆ మాట తప్ప ఇంకేమీ మిగలని వాడిలా.

తొమ్మిదింటికి వ్యాను వచ్చింది. వెంటిలేటరును గదిలోకి తోశారు. పెద్ద సిస్టరు కత్తెర తీసుకుని ప్లాస్టిక్ కవరు నిలువునా చీల్చింది.

"సిస్టరమ్మా," అన్నాడు గడియారం, "అది ముట్టుకునేది కాదు. చూపించేది."

"చూపిస్తాను. చూద్దువుగాని ఉండు."

మూడేళ్ళుగా గుంతల రోడ్ల మీద ఊగి ఊగి వచ్చిన యంత్రం. ప్లగ్గు పెడితే వెలిగింది, ఆరింది. సాకెట్టు వదులు. అన్న అరచేత్తో ప్లగ్గును గోడకు అదిమాడు. మళ్ళీ వెలిగింది. కాసేపు కీచుమని అరిచి, సిస్టరు ఏవో మీటలు తిప్పాక, నిట్టూర్చినట్టు ఒక ఊపిరి వదిలింది. దిమ్మ సంచి వదిలి చేతులు చూసుకున్నాడు. ఆమె ఛాతీ ఎవరూ నొక్కకుండానే లేచింది, దిగింది, లేచింది.

పదకొండింటికి అధికారులు వచ్చారు. వెంటిలేటరు పనిచేస్తుండటం వాళ్ళు ఏ జిల్లాలోనూ చూడలేదు. ఒకాయన ఫోటో తీయబోతూ, గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డవాణ్ణి పక్కకు జరగమన్నాడు. అతను జరగలేదు.

"ఎలక్ట్రీషియన్ సార్," అన్నాడు సూపరింటెండెంటు.

"భలే," అని టిక్కు పెట్టి భోజనానికి వెళ్ళారు. సూపరింటెండెంటు వెంట వెళ్తూ గడియారంతో, "మీ పని మీరు చూసుకోండి," అని మాత్రం అన్నాడు.

గడియారం మణికట్టు చూసుకున్నాడు. "నాలుగింటికల్లా దిగువ జిల్లాలో ఉండాలి. విప్పండి."

"ఆ పిల్ల పోతుంది," అన్నాడు దిమ్మ.

"పొద్దున్నుంచి నువ్వు నొక్కావుగా. ఇంకో రెండు రోజులు నొక్కు. అన్నా, నాకు నీ మీద పగేం లేదు. ఇది వెళ్ళకపోతే నా ఉద్యోగం పోతుంది, నాతోపాటు ఆరుగురు సూపరింటెండెంట్లవీ పోతాయి."

"మూడు రోజులు చేతులు నిలవవు. నిలవవని నాకు తెలుసు, వీడికి తెలుసు." దిమ్మ బయటికొచ్చి, ముందు వసారాలోకి తెరుచుకునే ఆ గది తలుపు దగ్గరకు వేసి, దానికి అడ్డంగా నిలబడ్డాడు. లోపల అన్న ప్లగ్గు మీద చెయ్యి తీయలేదు. తీస్తే ఆరిపోతుంది.

వ్యాను డ్రైవరు, ఇద్దరు హమాలీలు వసారాలోకి వచ్చారు. డ్రైవరు చేతిలో జాకీ రాడ్డు ఉంది. దెబ్బలు తప్పవని దిమ్మకు అర్థమైంది. అర్థమైన ప్రతిసారీ చేసే పనే చేశాడు. నోట్లో వేళ్ళు పెట్టి పళ్ళు తీశాడు. కడగడానికి సమయం లేదు. సబ్బుపెట్టెలో పెట్టి కిటికీలోంచి చీటీలావిడకు అందించాడు.

అది అలవాటే, ఉపాయం కాదు. అంత దూరం ఆలోచించే తీరిక అతనికి లేదు. కానీ ఆ ఆసుపత్రి వసారాల్లో, మెట్ల మీద, చెట్ల కింద రోగుల మనుషులు వారాల తరబడి కాపురం ఉంటారు. డాక్టర్లు ఏమీ చెప్పరు కాబట్టి వాళ్ళు గుర్తులు నేర్చుకుంటారు. దిమ్మ పళ్ళు తీశాడంటే ఎవరో పోయారు. ఆ సంగతి పాతవాళ్ళు కొత్తవాళ్ళకు చెబుతారు, కుళాయి ఎక్కడుందో చెప్పినట్టే. మామూలుగా ఆ సైగను ఒకరిద్దరు చూస్తారు. ఆ రోజు తనిఖీ అని వసారా ఖాళీ చేయించి, అందర్నీ ఒకేచోట, ముందు తలుపు ఎదురుగా తాడు కట్టి నిలబెట్టారు. నూటయాభై మంది. అందరూ చూశారు.

మందుల గది షట్టరు దిగిన చప్పుడుకు ఎవరో ఒకామె "మా నాన్నా?" అంది. తరవాత తాడు తెగింది.

ఎవరికి వాళ్ళు తమవాళ్ళే పోయారనుకున్నారు. నూటయాభై చావులు ఒక్కసారి తలుపు మీద పడ్డాయి. ముందు నుంచి వాళ్ళు, పక్క నుంచి రాడ్డు. దిమ్మ గడ్డం ఛాతీకి ఆనించాడు, చేతులు కట్టుకున్నాడు. "ఎవరూ పోలేదు," అన్నాడు. ఆ వసారాలో ఆసుపత్రి చెప్పే మొదటి మాట ఎవరూ ఎప్పుడూ నమ్మలేదు, అప్పుడూ నమ్మలేదు. "చెప్పు, ఎవరో చెప్పు" అంటూ చొక్కా చింపారు. రాడ్డు పక్కటెముకల మీద పడింది. కర్ర బెంచీ ఒకటి గాల్లో తిరిగి కిటికీ పగిలింది. గాజు ముక్కలు ఎండలో వానలా రాలాయి, రాలిన చోటల్లా ఎర్రబడింది. ఒకడు అతని చెవి కొరికాడు. కొరుకుతూ ఏడ్చాడు. ఒక పెద్దావిడ తన చేతిసంచితో ముఖం మీద కొడుతూ, "నిన్ననే గంజి తాగాడు, నిన్ననే తాగాడు," అంటూ ప్రతి దెబ్బకూ అదే చెప్పింది. రాడ్డు రెండోసారి ఎడమ మోచేతి మీద పడింది. దుంగల మీద విన్న ఆ పచ్చికొమ్మ చప్పుడు ఈసారి తన ఒంట్లోంచే వచ్చింది. దిమ్మకు ఆ డిపో మనిషి గుర్తొచ్చాడు. ఇలా ఉంటుందా, అనుకున్నాడు.

డ్రైవరు మూడోసారి రాడ్డు ఎత్తాడు. అది గురితప్పి ఆ పెద్దావిడ భుజం మీద దిగింది.

జనం ఒక్క క్షణం ఆగి, తిరిగారు. దిమ్మను కొట్టడం వాళ్ళకు తెలిసిన దుఃఖం. ఈ రాడ్డువాళ్ళెవరో తెలియదు. గడియారంతో కలిపి నలుగుర్నీ మెట్ల మీదుగా ఈడ్చారు. గడియారం తల మెట్టు అంచుకు తగిలి చీలింది. నుదుటి మీంచి రక్తం కళ్ళలోకి దిగుతుంటే గుడ్డివాడిలా మణికట్టు తడుముకున్నాడు. వ్యాను అద్దాలు పగిలాయి. టైర్లు కోశారు, కోస్తే చాలక పదిహేనుమంది ఒక పక్క పట్టి ఊపి ఊపి బోర్లా తోశారు. చక్రాలు పైకి తిరిగి కాసేపు గాల్లో ప్రయాణం చేశాయి.

దిమ్మ కింద పడ్డాడు. పద్నాలుగేళ్ళలో మొదటిసారి. పడినచోటు ఆ గది తలుపే. వీపు దానికి ఆనింది. గోడకు ఆనకూడదన్న పద్ధతి గుర్తొచ్చింది కానీ లోపలి నుంచి తలుపు సందులోంచి ఆ ఊపిరి వినిపించింది. వచ్చేది, పోయేది. దానికి బయట ఏం జరుగుతోందో తెలియదు. దాన్ని వింటూ అతను కాళ్ళ కోసం ఎదురుచూశాడు. కాళ్ళు రాలేదు. అందరూ వ్యాను దగ్గర ఉన్నారు.

గదిలో అన్న తలుపు అద్దంలోంచి అంతా చూశాడు. ఒక చెయ్యి ప్లగ్గు మీద. రెండో చెయ్యి పిడికిలి. తాను పళ్ళు రాలగొట్టిన మనిషిని రాడ్డుతో కొడుతుంటే ఆ గోడ వదలలేకపోయాడు. మూడింటికి పోలీసులు వచ్చాక సిస్టరు ప్లగ్గు చుట్టూ పట్టీ చుట్టి గోడకు అంటిస్తూ, "ఇక తియ్యి నాయనా," అంది. వేళ్ళు రావడానికి చాలాసేపు పట్టింది.

ఆ సాయంత్రం స్ట్రెచర్ తోసేవాడు లేక, స్ట్రెచరు మీద దిమ్మను చీటీలావిడ, పెద్ద సిస్టరు కలిసి తోశారు. మూడు ఎముకలు విరిగాయి, ఒక కన్ను మూసుకుపోయింది, చెవి కుట్టారు. పక్క మంచం మీద గడియారం, తల చుట్టూ కట్టు. భార్య వచ్చి చొక్కా కోసం వెతికింది. చొక్కా లేదు, పీలికలున్నాయి.

"ఏమయ్యా, ఇది నీ రక్తమా, వాళ్ళదా?"

"అందరిదీ," అన్నాడు దిమ్మ, పళ్ళు లేని నోటితో.

ఆమె పీలికలు తీసుకెళ్ళి చన్నీళ్ళలో వేసింది. వేసి, ఆ బకెట్టు పక్కనే చాలాసేపు కూర్చుంది.

మూడో రోజు మధ్యాహ్నం చెల్లెలి కుడి రెప్ప కొద్దిగా లేచింది. తరవాత కాలి బొటనవేలు. డాక్టరు గొట్టం తీసి, చెవి ఆమె ముక్కు దగ్గర పెట్టి విన్నాడు. ఆమె దగ్గి, మొదటి మాటగా, "గొంతు మండుతోంది అన్నయ్యా," అంది. అన్న గది నుంచి బయటికి వచ్చి దిమ్మ మంచం పక్కన నిలబడ్డాడు. సబ్బుపెట్టె ముందుకు చాచాడు. చీటీలావిడ ఇచ్చి పంపింది. దిమ్మ తీసి పెట్టుకోబోయాడు. దవడ వాచింది, పట్టలేదు.

"నీ చేతులు ఎలా ఉన్నాయి?" అన్నాడు దిమ్మ.

"ఉన్నాయి."

"మంచివేలే."

అతను తల తిప్పుకుని కిటికీ వైపు నిలబడ్డాడు, భుజాలు కదులుతుండగా.

నాలుగింటికి ఇంకో వ్యాను వచ్చింది, వెంట పోలీసులు. వెంటిలేటరును దిగువ జిల్లాకు చేర్చాలని ఆర్డరు. అక్కడ తనిఖీ వాయిదా వేశారు. ఇక్కడి తనిఖీ మాత్రం అయిపోయింది. 'వాడుకలో ఉంది' అని పుస్తకంలో రాసుకున్నారు, ఇంకొకటి పంపాల్సిన అవసరం లేదని కూడా. అన్నే దాన్ని గదిలోంచి తోసుకుంటూ వచ్చాడు. గడపల దగ్గర ఎత్తి దించాడు. గాలి గొట్టాలు చుట్టి దాని మీదే పెట్టాడు.

గడియారం మంచం దిగి చెప్పులు వెతుక్కుంటున్నాడు. అతనూ వెళ్ళాలి.

"దిగువ ఆసుపత్రిలో ముందు తలుపు దగ్గర ఎవరు నిలబడతారు?" అని అడిగాడు దిమ్మ.

గడియారం ఆగాడు. "ఒకావిడ. నేల తుడిచే ఆవిడ. ఆడమనిషైతే తక్కువ కొడతారని పెట్టారు."

"తక్కువ కొడతారా?"

"లేదు."

వ్యాను తలుపులు తెరిచిన చప్పుడైంది. దిమ్మ బాగున్న చేత్తో మంచం పట్టె పట్టుకుని కొంచెం లేచాడు.

"నువ్వు వెళ్ళేసరికి ఆ గదిలో ఎవరికైనా సంచి నొక్కుతుంటే, ఆవిడతో నా మాటగా చెప్పు. ముందు ప్లగ్గు చూసుకోమను. గడ్డం ఛాతీకి ఆనించుకోమను. పక్కగా కాదు, తలుపుకు అడ్డంగా నిలబడమను."

"నేను అవతలి వైపు మనిషిని అన్నా. ఆవిడ మీదికి వెళ్ళేది నేనే."

"తెలుసు. అందుకే నీతో చెప్పిస్తున్నాను," అన్నాడు దిమ్మ. "కాస్త మెల్లగా వెళ్ళు."

గడియారం మణికట్టు చూసుకోలేదు. చెప్పులు దొరక్క వట్టి కాళ్ళతోనే వ్యాను దగ్గరికి నడిచి, డ్రైవరు పక్కన కాకుండా వెనక, యంత్రం పక్కన ఎక్కి కూర్చున్నాడు.